పసరు తాగే రోజుల్లో ఆపిన గోలీలు

అన్నా,

లామివుడిన్ గోలీలు మానకపోయి ఉంటే నువ్వు బతికేవాడివా? ఇన్నేళ్లుగా నాకిదే ప్రశ్న.

తమ్ముడికీ హెపటైటిస్ బి ఉందని తేలింది. ఈ రోజే నిజామాబాద్ డాక్టరు ఎంటెకవిర్ గోలీలు మొదలుపెట్టారు. నువ్వు వాడిన మందుకు వైరస్ త్వరగా లొంగకుండా పోతుందట, కొత్తగా మొదలుపెట్టేవాళ్లలో దీనికి అలా జరగడం చాలా అరుదట. ఏదైనా సరే, మనంతట మనం ఆపితే ప్రమాదమేనన్నారు.

"ఒక్కనాడు మర్చిపోతే నువ్వు ఊకుంటవా అక్కా," అని వాడు నవ్వాడు. వాడు నిలబడతాడు, నాకు నమ్మకముంది.

బోధన్ ఇంటికి రాగానే అవ్వ అంది: "మోర్తాడ్ల కామెర్లకిచ్చే పసరు తేనా బిడ్డా? పత్యమున్నన్ని దినాలు గోలీలు బందు పెడితే సాలు." నీకు చేసిందీ అదే.

"వద్దవ్వా," అన్నాను గట్టిగా.

"ఎందుకే?" అంది.

ఆ కారణం ఆమెకు చెప్పాలో వద్దో నేనింకా తేల్చుకోలేదు.