గంగాళం అంచు మీద చప్పుడు

నాయనా,

విదేశీ కంపెనీతో మన మామిడి గుజ్జు తగాదా నిన్న తేలింది. కోర్టుకు పోకుండా, మధ్యవర్తితో కంప్యూటర్లోనే మాట్లాడుకున్నాం. నువ్వు రుచి చూసి పంపిన సరుకు పులిసింది నీ వల్ల కాదు. వాళ్ల రేవులో డ్రమ్ములు ఎండకు పడి ఉండి పులిశాయి. వాళ్లే ఒప్పుకున్నారు, అదీ ఇంట్లోవాళ్లకు సైతం చెప్పనని నా చేత సంతకం పెట్టించుకున్నాకే. నోరు జారితే ఒప్పందం పోతుంది, వెనకే ఫ్యాక్టరీ మూతపడుతుంది.

నీ తర్వాత రుచి చూసే మునెప్ప ఇవాళ గరిటె నాకిచ్చేశాడు.

"నువ్వే సూడమ్మా. పెద్దాయన నాలికే తప్పినాక నాదేం నమ్మేది?"

గుజ్జుతో పాటు మాటనూ మింగాను.

ఇంటికొస్తే అమ్మ, "తప్పు మీ నాయనదే అనేసినారా మే?" అని అడిగింది. కాళ్లు కడుక్కునే నెపంతో పెరట్లోకి వెళ్లిపోయాను. నీ పటం ముందు పెడదామని తెచ్చిన తొలి గుజ్జు వంటింట్లోనే ఉండిపోయింది.

గుజ్జు బాగుంటే నువ్వు గరిటెతో గంగాళం అంచు మీద కొట్టేవాడివి. ఆ చప్పుడయ్యాకే డ్రమ్ములకు మూతలు పడేవి. నువ్వు పోయినప్పటి నుంచీ రాత్రిళ్లు ఫ్యాక్టరీలో ఖాళీ గంగాళం గదిలో అది వినిపిస్తూనే ఉంది.

ఇప్పుడు నీకు తెలిసింది కదా. ఇక కొట్టకు, నాయనా.