శృతి తప్పింది రూతమ్మ కాదు

వనపర్తి పట్టణ నివాసి, కీర్తిశేషులు తిమ్మప్ప కుమారుడు రాఘవేందర్ అనే నేను, వయసు అరవై ఎనిమిది, వృత్తి పెండ్లిళ్ల ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయించడం, పూర్తి తెలివితో, ఎవరి ఒత్తిడీ లేకుండా రాయిస్తున్న వీలునామా ఇది. దవాఖానలో డాక్టరు నా గుండె గురించి చాలా చెప్పాడు. మతి గురించి ఏమీ అనలేదు కాబట్టి అది బాగానే ఉందనుకుంటున్నాను. ఇంకో వీలునామా రాయించే ఓపిక నాకు లేదు.

1. ఇల్లు నా కూతురు అమూల్యకు. వంటింటి కప్పు కురుస్తుంది. నన్ను తిట్టుకోకుండా బాగు చేయించుకోవాలి.

2. పదేళ్ల కిందట కొన్న డిజిటల్ కీబోర్డు కూడా అమూల్యకే. గుండీ నొక్కితే, అంతకుముందు వాయించిన నా పాత అనలాగ్ సింథసైజర్ గొంతు అచ్చుగుద్దినట్టు పలుకుతుంది. దాని లోపలి సంగతులు నాకంటే ఆమెకే బాగా తెలుసు.

3. తమ్ముడు మహిపాల్ నా స్పీకర్లు అడిగి తీసుకుపోయి, వానలో తడిపి తెచ్చి, "నువ్వు గిట్లనే ఇచ్చినవ్ గదనే" అన్నాడు. ఆ తడిసిన స్పీకర్లు అతనికే.

4. పాత సింథసైజర్ రూతమ్మకు. ఆమె ఇరవై ఆరేళ్లు మా ఆర్కెస్ట్రాలో పాడింది. ఆ డబ్బా వేడెక్కితే శృతి కిందికి జారేది. ఎండాకాలం షామియానా కింద గంట వాయిస్తే చాలు. జారినట్టు నాకు తెలిసేదే కాదు, ఎందుకంటే రూతమ్మ దానితోపాటే గొంతు దించుకుంటూ వచ్చేది. కొత్త కీబోర్డు కొన్నాక వాయించిన మొదటి పెండ్లి బల్మూర్‌లో. అది జారదు. ఆమె గొంతు మాత్రం అలవాటు కొద్దీ దిగింది. నేను అందరి ముందు, మైకులోనే, "శృతి తెల్వనిదానివి స్టేజి ఎందుకెక్కినవ్? దిగు!" అన్నాను. దిగింది. మళ్లీ ఎక్కలేదు. చర్చిలో కూడా పాడటం మానేసిందని విన్నాను.

పోయిన ఏడు అమూల్య కొత్త కీబోర్డులో ఒక సెట్టింగు చూపించింది. పాత యంత్రం వేడికి జారే తీరును కూడా కంపెనీవాళ్లు నకలు చేసి పెట్టారట. "వాయించేటోళ్లు గిదే కావాలని అడుగుతరు నాయినా" అంది. అది వేసి, రూతమ్మ పాడిన పాత క్యాసెట్టు పెట్టి, పక్కన వాయించాను. ఆమె గొంతుకూ దానికీ వెంట్రుకవాసి తేడా లేదు. తప్పు యంత్రానిది, ఆ తర్వాత నాది. సిగ్గుతో చచ్చిపోయాను. ఆమె ఇంటిదాకా రెండుసార్లు పోయి గేటు దగ్గరనుంచే తిరిగొచ్చాను. కాబట్టి నా దినాల భోజనాలప్పుడు ఈ అంశాన్ని జనమంతా వినేటట్టు మైకులో చదివించాలి.

5. చదవాల్సిందీ, ఈ వీలునామా అమలు చేయాల్సిందీ మా ప్యాడ్స్ వాయించే అఫ్జల్. నన్ను ముప్పై ఏళ్లు భరించాడు, ఇంకో పది రోజులు భరిస్తాడు.

సంతకాలకు ముందు చేర్చినది: సాక్షిగా ఎవరినో తెస్తానని పోయిన అఫ్జల్, నాకు చెప్పకుండా రూతమ్మను తీసుకొచ్చాడు. రాసేవారు మొత్తం చదివి వినిపించారు. ఆమె తలదించుకుని విని, "చచ్చినంక అఫ్జల్ భాయ్‌తోని చెప్పిస్తవా రాఘవన్నా? బతికుండి తిట్టినవ్, బతికుండే చెప్పు. నాకు డబ్బా వద్దు" అంది.

నాలుగో అంశం రద్దు. వచ్చే ఆదివారం బల్మూర్‌లో మాకు పెండ్లి ప్రోగ్రాం ఉంది. మైకు నేనే పట్టుకుంటాను. ఆమె వస్తానని అనలేదు.

వనపర్తి, 2025 ఏప్రిల్ 14.

(సంతకం) రాఘవేందర్

సాక్షులు:
1. కురుమయ్య, ఇంటి పక్కాయన
2. రూతమ్మ, గాయని