ఎడమ చేతి గోళ్ళు

పొల్తావా, 6 ఫిబ్రవరి 1984

ఈరోజు సంగీతం నేర్పే వర్వార గారు నా ఒళ్ళో బందూరా వాయిద్యాన్ని తిప్పేసి, తీగలన్నీ జనం వైపు ఉండేలా పెట్టారు. ఇది పాత ఖార్కివ్ పద్ధతి. ఇప్పుడు బళ్ళలో నేర్పడం లేదు. మేమంతా నేర్చుకున్న తీరులో పాట మొత్తం కుడిచెయ్యే వాయిస్తుంది. ఎడమచెయ్యి మెడ దగ్గర లావు తీగలు నాలుగు మీటి ఊరుకుంటుంది. ఇందులో అలా కుదరదు. ఎడమచెయ్యి పైఅంచు మీదుగా వచ్చి సన్నతీగలన్నిటి మీదా తిరగాలి.

మొదటి వరుసకే తడబడ్డాను. నీ ఎడమచెయ్యి కొత్తకోడల్లా మూల నక్కిందేమిటే, నడింట్లోకి రమ్మను అని వర్వార గారు ఎగతాళి చేశారు. వాళ్ళ బృందంలో ఒక ఖాళీ ఉంది. ఈ పద్ధతి వచ్చినవాళ్ళకే ఇస్తారట. ఏప్రిల్లో ఆడిషన్. ఎడమచేతి గోళ్ళు కూడా పెంచమన్నారు.

ఇంట్లో ఆడిషన్ గురించి చెప్పాను. గోళ్ళ గురించి చెప్పలేదు.

మా పాప యారీనకి మూడో నెల. కుడిచేతికి గోళ్ళున్నాయని పిల్లకి మూతి తుడిచినా, నీళ్ళు పోసినా ఎడమచేత్తోనే. అది యారీన చెయ్యి.

1 మార్చి

గోళ్ళు వచ్చాయి. వేలికండతో మీటితే దుప్పటి కింద వాయించినట్టుండేది. ఈరోజు ఎడమ చూపుడువేలు ఒకే తీగ మీద కిందికీ పైకీ ఆడించాను. ట్రెమొలో గలగలా పలికింది. సిగ్గులేకుండా పొంగిపోయాను.

9 మార్చి, ఉదయం

ఇది రాయాలి.

యారీనని ఉయ్యాల్లోంచి తీస్తుంటే అది తల విదిలించింది. నా ఎడమ బొటనగోరు దాని కంటి కింద గీసుకుంది. దారంలా రక్తం. ఇంకొంచెం పైనయితే కన్నే. అది గుక్కపట్టి ఏడ్చింది.

పెరట్లోంచి అత్తయ్య పరుగెత్తుకొచ్చింది. ఏమైందని నన్ను అడగనే లేదు. తన చేతుల వంక చూసుకుంది. చక్కెర ఫ్యాక్టరీలో ఏళ్ళ తరబడి చన్నీళ్ళలో దుంపలు కడిగి పగిలిపోయిన చేతులు. ఇందాక నేను మూతి తుడిచానే ఒదార్కా, ఈ మొద్దుచేతులే గీరి ఉంటాయి అని నాతో అంది.

నేను నోరు తెరిచాను. నువ్వయితే ఎడమచేత్తోనే కదా ముట్టుకుంటావు, నీవల్ల కాదులే అంది.

ఎడమచెయ్యి గౌను జేబులో పెట్టుకున్నాను.

అదే రోజు, సాయంత్రం

మా ఆయన జహార్ షిఫ్ట్ నుంచి రాగానే గీత చూశాడు. అత్తయ్యే చెప్పేసింది. కాస్త చూసుకోవాలి కదమ్మా, పసిపిల్ల అని విసుక్కున్నాడు. ఆవిడ తలొంచుకుని బోర్ష్ సూప్ వడ్డించింది. నేను తిన్నాను. రెండోసారి కూడా వేయించుకున్నాను.

10 మార్చి

చెప్తే గోళ్ళు తియ్యమంటారు. తీస్తే ఏప్రిల్ లేదు. ఇంతే లెక్క. ఇంత నీచమైన లెక్క.

22 మార్చి

అత్తయ్య చేతులకు బాతుకొవ్వు రాసుకుని నూలు గ్లవ్స్ తొడుక్కుంటోంది. యారీనని ముట్టుకోవడం లేదు. నేను ప్రాక్టీసులో ఉన్నప్పుడు పిల్ల ఏడిస్తే, బల్ల మీద కూర్చుని ఉయ్యాలని కాలితో ఊపుతోంది. ఇవాళ పక్కింటి ఒలేనా వచ్చి, ఏం మోత్ర్యా, మనవరాలు బంగారమా, ముట్టుకుంటే అరిగిపోతుందా అని నవ్వింది. చేతులు మెత్తబడనీవే, అప్పుడు దింపమన్నా దింపను అంది అత్తయ్య.

నేను పక్కగదిలోనే ఉన్నాను. తీగల మీద అరచెయ్యి వేసి మోత ఆపి, అంతా విన్నాను. తర్వాత మళ్ళీ వాయించాను.

పిల్లని ఎత్తుకునేటప్పుడు ఎడమచేతికి జహార్ మేజోడు తొడుక్కుంటున్నాను. చలి అని చెప్పాను. అందరూ నమ్మారు.

31 మార్చి

యారీన పైకి నవ్వింది. మొదటిసారి. అత్తయ్య తుమ్మితే నవ్వింది. ఆవిడ రెండు చేతులూ చాచి, మళ్ళీ వెనక్కి తీసుకుంది.

12 ఏప్రిల్

నన్ను తీసుకున్నారు.

రెండు చేతులూ ఒకదాన్నొకటి తరుముకునే చోట ఒక్క తీగ కూడా తప్పలేదు. నడింట్లోకి రమ్మంటే ఇల్లంతా తన పేర రాయించుకుందే అని వర్వార గారు నా ఎడమచేతిని అందరికీ ఎత్తి చూపించారు. అక్కడున్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. చెయ్యి లాక్కోవాలనిపించింది.

ఇంటికొస్తే అత్తయ్య వరేనికి కుడుములు చేసి ఉంచింది. నాకోసం. గ్లవ్స్ తీసి పిండి కలిపి, మళ్ళీ తొడుక్కుంది.

13 ఏప్రిల్

చెప్పేశాను. పొద్దున్నే, జహార్ ఎదురుగా. ఎడమచెయ్యి బల్ల మీద పెట్టి చూపించాను.

నా చేత అమ్మని తిట్టించావు అన్నాడు జహార్. పనికి వెళ్ళిపోయాడు.

అత్తయ్య చాలాసేపు నా గోళ్ళే చూసింది. నీకు ఎప్పుడు తెలిసిందే అని అడిగింది. గీసుకున్నప్పుడే అన్నాను. తిడుతుందనుకున్నాను. పిల్ల నవ్వడం నేర్చినప్పుడు ఎత్తుకోలేకపోయాను కదే అంది. అంతే.

గ్లవ్స్ తీసేసి యారీనని ఎత్తుకుంది. పిల్ల బిగుసుకుపోయింది. కొత్తవాళ్ళని చూసినట్టు చూసి, ఏడుస్తూ నా వైపు ఒరిగింది. నేను వెంటనే అందుకోలేదు. కాసేపటికి అందుకోకుండా ఉండలేకపోయాను.

14 ఏప్రిల్

అత్తయ్య మాట్లాడటం లేదు. ఉప్పు అడిగితే జరుపుతుంది.

24 ఏప్రిల్

ఇవాళ ఆవిడ చేతుల్లో యారీన ఏడవలేదు. ఆవిడ కిటికీ దగ్గర నిలబడి, కదిలితే ఏడుస్తుందేమోనని కదలకుండా అలాగే ఉండిపోయింది. నేను గదిలోకి వెళ్ళలేదు.

4 మే

రేపు మొదటి కచేరీ. పొద్దున్నే బస్సు.

అత్తయ్య వచ్చి ఎదురుగా కూర్చుంది. ఎడమచెయ్యి ఇటు తే అంది. కత్తెర తెచ్చిందనుకుని కళ్ళు మూసుకుని చాపాను. కత్తెర కాదు, ఆకురాయి. ఒక్కొక్క గోరే నున్నగా రుద్ది, దాన్ని తన చెంప మీద గీసి చూసుకుంది. అయిదు గోళ్ళూ.