ఎల్మ్ కొమ్మ కోసే ముందు

చిట్టితల్లీ, టీ తర్వాత తాగుదువుగాని, ముందు ఇలా వచ్చి ఈ నానమ్మ రాసింది రెండుసార్లు చదువు.

తాతని కంటి కట్టు విప్పించడానికి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నా. గోడ కట్టే మేస్త్రి పదింటికి వచ్చి గోడకి అడ్డమని పెరట్లో ఎల్మ్ చెట్టు కొట్టేస్తాడు. ఈలోపే, చెట్టు మీదుండగానే వేళ్ళు రావాలని మేం అంటు కట్టిన కొమ్మని నువ్వు కోసెయ్యాలి. నల్ల కవరు చుట్టిన చోటికి బెత్తెడు కింద చిన్న రంపంతో కొయ్యి. కవరు మెల్లగా విప్పు, లోపలి నాచుని మాత్రం లాగకు, వేళ్ళు పుటుక్కుమంటాయి. నాచుతోనే వెడల్పు కుండీలో పెట్టి, మట్టి పోసి, కదలకుండా తాడుతో కట్టి నీడలో ఉంచు.

నాకు భయంగా ఉందే. అంటు కట్టిన రోజు తాతకి చూపు ఆనక, కొమ్మ బెరడు చుట్టూ గాజులా ఒలిచెయ్యమని నాకు చెప్పాడు. ఆ గరుకు బెరడు అచ్చం ఆయన అరచెయ్యిలా ఉంది, నాకు చెయ్యి ఆడలేదు. కొమ్మ చచ్చిపోతుందేమోనని వెనకవైపు అంగుళం బెరడు వదిలేశా. "అంతా ఒలిచావా?" అంటే "ఆఁ" అన్నా. నిన్న కవరు ఎత్తి చూస్తే ముందువైపు నాలుగు తెల్ల వేళ్ళున్నాయి, వెనక ఒక్కటీ లేదు. నలభై ఏళ్ళ చెట్టుకి మిగిలేది ఈ కొమ్మే. "దీన్ని బోన్సాయ్ చేసి నీకంటే పొట్టిగా ఉంచుతా" అని నన్ను ఏడిపిస్తుంటాడుగా. కంటి కట్టు విప్పగానే మొదట అడిగేది ఈ కొమ్మ గురించే.

ఆకులు సగం కత్తిరించెయ్యి, ఆ నాలుగు వేళ్ళూ అన్ని ఆకులకి నీళ్ళు లాగలేవు.

జాలిపడి బెరడు వదిలితే వేళ్ళు సరిగ్గా రావని గుర్తుపెట్టుకో. ఎవరు అంటు కడుతున్నా చెప్పు, ఈ తప్పు మా నానమ్మే చేసిందని చెప్పు. తాతకి మాత్రం నేనే చెప్తా, దార్లో, ధైర్యం వస్తే.