తాళంచెవి వయా యానాం

పుదుచ్చేరి, జూన్ 3

మహారాజశ్రీ వాడల కళా సహాయ విభాగం వారి సముఖమునకు,

నమస్కారాలు. ఇక్కడ అందరం క్షేమం. తమ ఆఫీసులో అందరూ క్షేమమని తలుస్తాను.

నా పేరు టి.కె. పట్టాభిరామన్. బజారులో ఇత్తడి సామాన్ల అంగడి నాది. నాకు కోలాటం రాదు. అయినా కోలాటం గురించి రాస్తున్నానంటే తప్పు తమదే. తమ ‘మన వాడ, మన కళ’ పథకం నాలుగో నిబంధనలో, కళ ఏ భాషలో ఉంటే దరఖాస్తు ఆ భాషలోనే ఉండాలని రాశారు. పాత నూలుమిల్లు సందు ఆడవాళ్లు కోలాటం పాడేది తెలుగులో. ఇళ్లలో అయిదు తరాలుగా తెలుగే మాట్లాడతారు గానీ ఆ లిపి చదవగలిగినవాళ్లు సందులో ఒక్కరూ లేరు. వెతుక్కుంటూ నా అంగడికి వచ్చారు. మా నాన్న సరుకు కోసం రాసే ఉత్తరాలు చూసి నేర్చుకున్న తెలుగు నాది. అక్కడక్కడ అంగడి వాసన వస్తే మన్నించండి.

సంగతి ఇది. బృందంలో పద్నాలుగు మంది. పెద్ద వి. కుప్పమ్మాళ్, మిల్లు మూతపడేదాకా ముప్పై ఒక్క ఏళ్లు అక్కడ నూలు వడికిన మనిషి. సందు చివర మిల్లు కార్మికుల చదువుల గది ఉంది. పదకొండేళ్లుగా దానికి తాళం. తాళంచెవి తమ దగ్గరుంది. వీళ్లు మోటారు సైకిళ్ల మధ్య వీధిలో ఆడుతున్నారు. ఆటో వస్తే పాట ఆగిపోతుంది, ఆటో పోయాక ఎక్కడ ఆగిందో మణియమ్మకు గుర్తుండదు. ఈ మణియమ్మకు డెబ్బై ఎనిమిదేళ్లు. నలభై రెండు పాటలు ఆమె తలలో తప్ప ఎక్కడా లేవు. ఆమె వీధిలో ఎక్కువసేపు నిలబడలేని మనిషి. గదిలో కూర్చోబెడితే ఆడపిల్లలకు నేర్పుతుంది. ఎవరూ అడగని గదులను ఆగస్టు 31 తర్వాత విరిగిన కుర్చీలు దాచడానికి వాడుకుంటామని తమ నోటీసులో ఉంది. కుర్చీలకంటే ముందు మేం అడుగుతున్నాం. ఒక్క తాళంచెవి ఇప్పించగలరు.

ఇట్లు,
తమ విధేయుడు,
టి.కె. పట్టాభిరామన్

తా.క.: నేను కుప్పమ్మాళ్, చెప్తా ఉంటే అన్న రాస్తా ఉండాడు. సారూ, అన్న మరీ వొంగి అడిగినాడు. నేను వొంగను. మిల్లులో వొంగిందే చాలు. పదకొండేండ్లుగా ఆ గదిలో ఎలకలు ఆడతా ఉండాయి. అవి ఏ భాషలో దరఖాస్తు పెట్టినాయో కొంచెం చూసి చెప్పండి.

*

వాడల కళా సహాయ విభాగం, యానాం సీటు
జూన్ 14

శ్రీ టి.కె. పట్టాభిరామన్ గారికి,

మీ దరఖాస్తు అందినది. తెలుగులో ఉన్నందున దానిని యానాం రిజిస్టరులో ఏడవ నంబరుగా చేర్చడమైనది. చిరునామాలో పొరపాటున పుదుచ్చేరి పట్టణపు పిన్‌కోడ్ వేసినారు. దానిని మేమే యానాం పిన్‌కోడ్‌గా సరిదిద్దినాము. జులై 2 ఉదయం పది గంటలకు మీ సందుకు తనిఖీకి వచ్చెదము. బృందం మొత్తం కోలాటం కర్రలతో గది ముందు హాజరు కావలెను.

ఇట్లు,
ఎస్. అనూహ్య, సహాయకురాలు

తా.క.: ఇది ఫైలులోకి రాదండి. నాది కూడా యానామే. బదిలీ మీద ఇక్కడ పుదుచ్చేరి ఆఫీసుకొచ్చి ఎనిమిది నెలలైంది. తెలుగు మాట వినబడక మొహం వాచిపోయి ఉన్నాను. మీ ఉత్తరం రెండుసార్లు చదువుకున్నాను. ఎలుకల నుంచి ఏ భాషలోనూ దరఖాస్తు రాలేదని కుప్పమ్మాళ్ గారికి చెప్పండి. మీ సందు మాత్రం ఎంత ఆలోచించినా గుర్తుకు రావడం లేదు. గోదావరి గట్టు వైపా?

*

పుదుచ్చేరి, జులై 4

సహాయకురాలు అనూహ్య గారికి,

నమస్కారాలు. తమ ఉత్తరం నిన్న అందింది. అది ఇక్కడి నుంచి ఎనిమిది వందల కిలోమీటర్లు పోయి, యానాంలో మా సందు దొరక్క వెతుక్కుని, అక్కడి పోస్ట్‌మ్యాన్ పుణ్యమా అని తిరిగి ఇక్కడికి చేరింది. పంతొమ్మిది రోజులు పట్టింది. తమ ఆఫీసు నుంచి మా సందుకు నడక నాలుగు నిమిషాలు. తమ మేడ వెనక కిటికీ మా సందులోకే తెరుచుకుంటుంది.

అమ్మా, మేం యానాం వాళ్లం కాము. ఈ ఊరి వాళ్లమే. తెలుగు రాస్తే యానాం అయిపోతామని మాకు తెలియదు. ఈ మాట చెబుదామని ఈ రోజు తమ ఆఫీసుకు వచ్చాను. కౌంటరులో తంగవేల్ అనే ఆయన, తెలుగు కాగితం తెలుగు సీటే తీసుకోవాలి, ఆ సీటు మేడమ్ టూరులో ఉన్నారు అన్నాడు. ఎక్కడికి వెళ్లారని అడిగాను. మా సందు తనిఖీ చేయడానికి యానాం వెళ్లారట.

ఈ ఉత్తరం ఆయన చేతికే ఇచ్చి ముద్ర వేయించుకున్నాను.

ఇట్లు,
టి.కె. పట్టాభిరామన్

తా.క.: కుప్పమ్మాళ్ చెప్పేది. ఏందమ్మా ఇది, పక్కింటికి పొయ్యేదానికి కాశీ చుట్టుకొని పోతావా. తిరిగొచ్చినాక ఆ వెనక కిటికీ ఒకసారి తెరువు. ఇంకో మాట. మణియమ్మక్క నిన్న ఒక పాట మరిచిపోయింది. ‘ఏటి అవతలి మల్లెతోట ఎవరు నాటిరే’ అని ఎత్తుకొనింది, రెండో అడుగు రాలేదు. నలభై ఒకటైనాయి. నాకు భయంగా ఉండాది.

*

మకాం: యానాం
జులై 5

శ్రీ టి.కె. పట్టాభిరామన్ గారికి,

నోటీసు. జులై 2, 3, 4 తేదీలలో యానాం అంతటా వెదకినను పాత నూలుమిల్లు సందు కనబడలేదు. ఊరిలో పెద్దలను విచారించగా అట్టి సందు తాము ఎరుగమనిరి. నిర్ణీత సమయమునకు మీ బృందం గైర్హాజరు అయినట్లు నమోదు చేయడమైనది. సంజాయిషీ ఏడు రోజులలో ఇవ్వవలెను. మీ ఇల్లు దొరకనందున ఈ నోటీసును మీ ఇంటికి పోస్టులో పంపుతున్నాము.

ఇట్లు,
ఎస్. అనూహ్య, సహాయకురాలు

తా.క.: మూడు రోజులు ఎండలో తిరిగానండి. మా అమ్మే నవ్వింది, పుట్టిన ఊళ్లో దారి తప్పావా అని. రేవు దగ్గర లీలమ్మ గారని ఒక పెద్దావిడ, కోలాటం మాట ఎత్తగానే కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చారు. వాళ్ల వీధిలోనూ ఆడేవారట, ఇప్పుడు ఎవరూ ఆడటం లేదట. నా కోసం ఒక పాట పాడారు. మీరు కనబడలేదని కోపం కంటే దిగులే ఎక్కువగా ఉంది.

*

పుదుచ్చేరి, జులై 22

అనూహ్య గారికి,

నమస్కారాలు. గైర్హాజరు నోటీసు ఈ రోజు చేరింది. కవరు వెనక యానాం పోస్ట్‌మ్యాన్, ‘ఆఫీసు వారూ, వీళ్లు అక్కడే ఉన్నారు’ అని పెన్సిలుతో రాశాడు. మా బాధ అర్థమైన ప్రభుత్వోద్యోగి ఇంతవరకు ఆయనొక్కడే.

సంజాయిషీ: లేని ఊళ్లో మేం లేకపోవడం నిజమే. ఉన్న ఊళ్లో ఉన్నాం. రుజువుగా ఫోటో జతచేస్తున్నాను. పద్నాలుగు మందీ నిలబడింది తమ ఆఫీసు బోర్డు కింద. ఎడమ పక్కన సగం కనబడుతున్న చెయ్యి తంగవేల్ గారిది, పొమ్మంటున్నారు.

నేను మర్యాదగా ఇంకో దరఖాస్తు రాద్దామన్నాను. కుప్పమ్మాళ్ వినలేదు. కాగితం చదవని వాళ్లకు చెవులైనా ఉంటాయి కదా అన్నది. రేపటి నుంచి రోజూ సాయంత్రం అయిదు గంటలకు తమ వెనక కిటికీ కింద కోలాటం. వాన వచ్చినా ఆపరట. మణియమ్మకు కుర్చీ మా అంగడి నుంచి పంపిస్తున్నాను.

ఇట్లు,
టి.కె. పట్టాభిరామన్

తా.క.: కుప్పమ్మాళ్. మజ్జిగ ఇచ్చిన ఆ యమ్మకు నా దండాలు చెప్పు. మిల్లు మూసేటప్పుడు గేటు ముందర నలభై దినాలు కూర్చున్నదాన్ని నేను. కిటికీ కింద కూర్చునేది నాకేం లెక్క.

*

వాడల కళా సహాయ విభాగం, యానాం సీటు
జులై 30

శ్రీ టి.కె. పట్టాభిరామన్ గారికి,

మీ రెండు ఉత్తరములు పరిశీలించడమైనది. యానాం రిజిస్టరులో చేరిన దరఖాస్తును పుదుచ్చేరి రిజిస్టరులోకి మార్చుటకు వీలు లేదు. రద్దు చేసుకొని కొత్తగా పెట్టుకొనవచ్చును. అయితే కొత్త దరఖాస్తులకు గడువు జూన్ 30తో ముగిసినది. కావున చదువుల గదిని విరిగిన కుర్చీల నిమిత్తం సిద్ధం చేయుచున్నాము.

అదియును గాక, కార్యాలయం వెనుక రోజూ కోలాటం వల్ల పనికి ఆటంకము కలుగుచున్నదని పై అంతస్తు నుంచి ఫిర్యాదు వచ్చినది. దానిని పుదుచ్చేరి రిజిస్టరులో నమోదు చేయడమైనది.

ఇట్లు,
ఎస్. అనూహ్య, సహాయకురాలు

తా.క.: కిటికీ తెరిచాను. ముందు వరసలో ఎర్ర చీరె కుప్పమ్మాళ్ గారే కదండీ. తొమ్మిది నెలలుగా ఆ కిటికీకి వీపు పెట్టి కూర్చున్నాను, సిగ్గుగా ఉంది. మా సూపరింటెండెంటు సెల్వరాజ్ గారిని బతిమాలాను. ఆయన మంచివారే గానీ, రిజిస్టరులో గీత దాటరు. ఇప్పుడు మీ బృందం రికార్డు ప్రకారం యానాంలో గైర్హాజరు, పుదుచ్చేరిలో గోల. ఈ రెండూ ఒకరేనని ఏ కాగితమూ ఒప్పుకోవడం లేదు. నన్ను క్షమించండి.

*

పుదుచ్చేరి, ఆగస్టు 5

అనూహ్య గారికి,

నమస్కారాలు. తమ ఉత్తరం ఈసారి కౌంటరులోనే చేతికిచ్చారు. అంగడిలో అందరి ముందూ చదివాను. నా మనసు విరిగింది, ఆ మాట దాచుకోను. రెండు నెలలుగా ఈ ఉత్తరాలు రాస్తూ నాకే తెలియకుండా ఆ గది నాదనుకున్నాను.

తర్వాత కుప్పమ్మాళ్ లేచి, దరఖాస్తు రద్దు చేయొద్దన్నది. ఒక్కసారి చేతికొచ్చిన నూలుపోగు తెంచకూడదు, ముడి ఎక్కడుందో చూసి విప్పాలి అన్నది. ముడి ఎక్కడుందో నాకైతే కనబడలేదు. ఆమె అడగమన్నది కింద ఆమె మాటల్లోనే రాస్తున్నాను.

ఇట్లు,
టి.కె. పట్టాభిరామన్

తా.క.: అమ్మా అనూహ్యా, మీ సారు గీత దాటరు, సరే. దాటొద్దు. మేము ఈ ఊరోళ్లమని ఇంక ఒక్క మాట అనము. మేము యానామే. అయితే ఒకటి చెప్పు. యానాం నించి కోలాటం వాళ్లు ఈ ఊరికి వస్తే, మీ ఆఫీసు వాళ్లని యాడ పెడతాది?

*

వాడల కళా సహాయ విభాగం, యానాం సీటు
ఆగస్టు 19

యానాం కోలాట బృందం వారికి,

ఉత్తర్వు. రిజిస్టరు నంబరు ఏడు గల మీ బృందాన్ని ప్రధాన పట్టణంలోని ఆడపిల్లలకు కోలాటం నేర్పుటకు మూడు సంవత్సరములు ఆహ్వానించడమైనది. పదకొండవ నిబంధన ప్రకారం బయటి ఊళ్ల కళాకారులకు విభాగం చేతిలో ఖాళీగా ఉన్న గదిని బసగా ఇవ్వవలెను. ప్రస్తుతం ఖాళీగా ఉన్నది ఒకే గది: చదువుల గది, పాత నూలుమిల్లు సందు. తాళంచెవి జతపరచడమైనది. విరిగిన కుర్చీలకు వేరే చోటు చూడబడును.

ఊరు కొత్త కనుక దారి తెలియకపోతే తంగవేల్‌ను అడుగవలెను. ఆ సందులో ఇదివరకే గోల చేసి ఫిర్యాదుకు గురైన స్థానిక కోలాట బృందం ఒకటి కలదు. వారితో తగాదా పెట్టుకొనరాదు.

ఇట్లు,
ఎస్. అనూహ్య, సహాయకురాలు

తా.క.: సెల్వరాజ్ గారు పదకొండో నిబంధన మూడుసార్లు చదివి, కిటికీలోంచి కిందికి చూసి, ‘దూరం నుంచి వస్తున్నారు, పాపం’ అంటూ సంతకం పెట్టారు. ఈ కవరు పోస్టులో వేసే ధైర్యం నాకు లేదు. అయిదు గంటలకు కిటికీలోంచి తాడు కట్టి దింపుతాను, పట్టుకోండి.

ఇంకొకటి. నిన్న మణియమ్మ గారు మళ్లీ ‘ఏటి అవతలి మల్లెతోట’ ఎత్తుకుని ఆగిపోవడం విన్నాను. మీ ఉత్తరంలో చదివినప్పుడు తట్టలేదు, బాణీ వింటే తెలిసింది. యానాంలో లీలమ్మ గారు నాకు పాడింది ఆ పాటే. రాత్రికి ఫోన్ చేసి అడిగాను. రెండో అడుగు ఇదండి: ‘ఏరు దాటి పోయిన అక్క చేయి నాటెనే.’

*

చదువుల గది, ఆగస్టు 27

అనూహ్యకు,

కుప్పమ్మాళ్ రాసేది. యానాం నించి క్షేమంగా చేరినాము. దావలో నాలుగు నిమిషాలు పట్టింది. తంగవేల్‌ను దారి అడిగితిమి. ఆయన తలకాయ పట్టుకొని చూపించినాడు.

ఎలకల్ని ఖాళీ చేయించినాము. పద్దెనిమిది మంది పిల్లలు వస్తా ఉండారు. మణియమ్మక్కకు ఆ రెండో అడుగు చదివి చెప్పితిని. మా అమ్మ ఇట్లే పాడేది అనింది. తర్వాత పాటంతా పాడింది, ఆపకుండా. ఆటో ఏదీ రాలేదు. మళ్లీ నలభై రెండు. దినానికి ఒకటి నోటుబుక్కులో రాస్తా ఉండాను.

నువ్వు ఆదివారం రా. తెలుగు వినాలంటివే, చెవులు నొప్పి పుట్టేదాకా వినిపిస్తాము.

ఇట్లు,
నీ ఊరి కుప్పమ్మాళ్

తా.క.: పట్టాభిరామన్ రాస్తున్నాను. పై ఉత్తరం నేను రాసింది కాదు, అక్షరాలు చూస్తేనే తెలిసి ఉంటుంది. జూన్ నెలలో ఈమె నా పక్కన కూర్చుని చెబుతుంటే, నా చేతిని ఎందుకంతగా చూస్తోందో నాకు అర్థం కాలేదు. అరవై ఆరో ఏట, రోజుకు రెండక్షరాల చొప్పున నేర్చేసుకుంది. నాకు ఇక ఇక్కడ గుమాస్తా పని లేదు. అందుకని కర్రలు ఇచ్చి పదిహేనో మనిషిగా నిలబెట్టారు. మొదటి దెబ్బ బొటనవేలి మీదే పడింది, నా రాత వంకర పోవడానికి కారణం అదే. అయిదు గంటలకు కిటికీ తెరిచి ఉంచండి. పై అంతస్తు వారు మళ్లీ ఫిర్యాదు చేస్తే, దయచేసి ఆ స్థానిక బృందం మీదే రాసుకోండి.