మౌనిక చేతుల్లో ఆగిన బంతి

మంగళవారం, గుడివాడ

మూడేళ్లలో నాలుగో బాస్కెట్‌బాల్ కోచ్ ఇవాళ వచ్చాడు. కాలేజీ మట్టి కోర్టుకి సున్నం గీతలు కొట్టేది నేనే, ఇంటర్వ్యూ గదిలోకి టీలు మోసిందీ నేనే. ఉండబట్టలేక, "సార్, కోచ్ లేని ఈ రెండు నెలలూ ఆడపిల్లలకి ప్రాక్టీసు పెట్టించింది నేను. నన్నూ అడగండి," అన్నాను.

కరస్పాండెంట్ గారు నవ్వారు. "గీతలు వంకరపోకుండా చూసుకోరా, అది చాలు." ఉద్యోగం ఆయన తోడల్లుడి తమ్ముడికిచ్చారు.

సాయంత్రం ఆ కొత్త సారు, రింగులోకి బంతి వేస్తున్న కెప్టెన్ మౌనికతో, "చెయ్యి అలా కాదమ్మా, మొత్తం మార్చాలి," అన్నాడు. మొదటి కోచ్ మోచెయ్యి లోపలికి పెట్టమన్నాడు. రెండో ఆయన బయటికన్నాడు. మూడో ఆయన అసలు ఎగరొద్దన్నాడు. ముగ్గురూ ఏడాది తిరక్కుండానే పెద్ద కాలేజీలకి వెళ్లిపోయారు. వాళ్ల మాటలు మాత్రం ఈ పిల్లని వదల్లేదు.

మౌనిక బంతి ఎత్తింది. వెయ్యలేదు. నా వైపు తిరిగి, "ఎవరు చెప్పినట్టు వెయ్యాలి, అన్నా?" అంది.

"నీకొచ్చినట్టు వెయ్యమ్మా."

"నాకెలా వచ్చేదో మర్చిపోయాను."

నాకు గుర్తుంది. పెడన నుంచి వచ్చిన మొదటిరోజు, చెప్పులైనా విప్పకుండా, గుండె దగ్గర్నుంచి రెండు చేతులతో విసిరింది. బంతి రింగు అంచుకైనా తగలకుండా నేరుగా లోపల పడింది. అది చూపిద్దామని కోర్టులోకి అడుగేశాను.

"పక్కకి జరుగు బాబూ," అన్నాడు కొత్త సారు.

జరిగాను. థూ, ఎందుకు జరిగాను? నా చేత్తో కొట్టిన గీతకే అవతల నిలబడ్డాను. కళ్లు మూస్తే బంతి ఇంకా ఆ పిల్ల చేతుల్లోనే ఉంది.