దడ చెప్పని మాట

అమ్మకు,

నీ చిన్నది నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ నేను, అక్కయ్య, పిల్లలు అందరం బాగున్నాం. నీ మోకాలి నొప్పి తగ్గిందని చదివి మనసు కుదుటపడింది.

దడ పోయిందా అని అడిగావు. మాత్రలు వేసుకుంటున్నానమ్మా. థైరాయిడ్ ఇంకా దారికి రాలేదు కాబట్టి దడ ఉంది. కానీ దానితో నా గొడవ తీరిపోయింది! ఎలాగో చెప్పేదాకా ఈ చేయి ఆగేలా లేదు.

అంబులెన్సు కోసం వచ్చే ఫోన్లు తీసేటప్పుడు నేను నా ఒంటినే నమ్ముకునేదాన్ని. కడుపులో తిప్పితే ఆపద, తిప్పకపోతే ఏమీ లేదు. జబ్బు చేశాక ప్రతి ఫోనుకీ గుండె దడదడా కొట్టుకునేది. జలుబన్న వాళ్ళకి కూడా బండి పంపేశాను! చివరికి మా పెద్ద మేడమ్ నన్ను ఫోన్ల దగ్గర్నుంచి లేపేసి, పాత ఫోన్ల రికార్డింగులు వినమంది.

"గుండెని కొట్టుకోనీ. నువ్వు అవతలి మనిషిని విను," అంది.

మొదట్లో నా దడ తప్ప ఏదీ వినిపించలేదు. పోనుపోను అది వీధిలో బండి చప్పుడులా అయింది. ఉంటుంది, నన్ను పిలవదు.

మొన్న మళ్ళీ ఫోన్ల దగ్గర కూర్చున్నాను. ఓ పెద్దాయన నింపాదిగా, "కంగారేం లేదమ్మా. మా ఆవిడ పొద్దెక్కినా లేవట్లేదు. నాకూ తల బరువుగా ఉంది. కాసేపు పడుకుని మళ్ళీ చేస్తాలే," అన్నాడు.

దడ ఎప్పటిలాగే ఉంది, కడుపులో మాత్రం ఏ కదలికా లేదు. జబ్బుకి ముందైతే సరే అనేదాన్నే. కానీ ఆయన మాట ముద్దగా వస్తోంది. ఇద్దరికీ ఒకేసారి ఎలా?

"తాతగారూ, గదిలో ఏమైనా వెలుగుతోందా?"

"చలికి బొగ్గుల కుంపటి పెట్టాం."

"పడుకోవద్దు! మూసిన గదిలో ఆ కుంపటి గాలి విషం. తలుపులు బార్లా తీయండి. మావాళ్ళు వచ్చేస్తున్నారు!"

ఇద్దరూ బతికారమ్మా!

ఇక ఇన్నాళ్ళూ దాచిన మాట. మా అంబులెన్సు డ్రైవరు నన్ను పెళ్ళి చేసుకుంటానని ఎప్పుడో అడిగాడు. ఆయన పక్కనుంటే గుండె వేగం పెరగదు, చేతులకు చెమట పట్టదు. అందుకే ఇష్టం లేదేమో అనుకుని తప్పించుకు తిరిగాను. ఆరోజు ఆ ముసలివాళ్ళని ఆసుపత్రిలో దింపి ఆయన వచ్చి, "ఇద్దరూ కళ్ళు తెరిచారు," అంటూ నా పక్కన టీ పట్టుకుని కూర్చున్నాడు. ఒంట్లో కొత్త హడావుడేమీ లేదు. ఈ మనిషి నాకు కావాలన్నది మాత్రం స్పష్టంగా తెలిసిపోయింది.

"సరే, చేసుకుందాం," అన్నాను.

దడంతా ఆయనకే వచ్చిందమ్మా, టీ మొత్తం చొక్కా మీద ఒలకబోసుకున్నాడు!

ఇట్లు,
నీ దీవెన కోసం ఎదురుచూసే
చిన్న కూతురు